పూడిక తీయని ప్రేమ నిలువదు

వివాహ ఆరాధన ముగిసి రిజిస్టరులో సంతకములు చేయించేటప్పుడు మేము ఒక సంగతి గమనిస్తూ ఉంటాము. పెండ్లికుమారుని చేయి కొంచెము వణుకుతుంది. పెండ్లికుమార్తె తన పేరు వ్రాసి, ప్రక్కనున్న అతని పేరు మెల్లగా ఒకసారి చదువుకొని, ఎవరూ చూడలేదనుకొని నవ్వుకొంటుంది. ఆ నవ్వులో నటన లేదు. అది నిజమైన ప్రేమ.

పది పన్నెండేండ్ల తరువాత గృహదర్శనమునకు అదే ఇంటికి వెళ్తాము. భర్త బయట అరుగు మీద ఉంటాడు. భార్య లోపల పొయ్యి దగ్గర ఉంటుంది. కొట్లాట లేదు, తిట్లు లేవు. "ఎట్లున్నరు?" అని అడిగితే ఇద్దరూ ఒకే మాట చెప్తారు: "అంతా మంచిగనే ఉన్నది అయ్యగారూ." మంచిగ లేదని వారికి తెలుసు, మాకూ తెలుసు. ప్రార్థన చేసి, చాయ తాగి, లేచి వస్తాము.

ఆ సంతకము నాటి నవ్వు ఏమైనది? దానిని ఎవరు ఎత్తుకొని పోయారు? ఏండ్లు గడిచినా వాడిపోని ప్రేమ కొన్ని ఇండ్లలోనే ఎందుకు కనబడుతుంది? ఈ నెల మన కుటుంబములతో కలిసి ఈ ప్రశ్నను ఆలోచింపగోరుచున్నాము.

నిజాంసాగర్ నేర్పు పాఠము

ఎల్లారెడ్డి ప్రాంతమువారికి నిజాంసాగర్ గురించి మేము చెప్పనక్కరలేదు. మంజీర నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన ఆ కట్ట ఇప్పటికీ బలముగా నిలబడి ఉన్నది. కట్టిన కాలములో ఆ జలాశయము 29 టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టేది. 1970ల నాటికి అది 12 టి.ఎం.సి.ల లోపునకు పడిపోయినది. కట్ట తెగిందా? లేదు. భూకంపము వచ్చిందా? లేదు. ప్రతి వానకాలము వరదతో వచ్చిన సన్నని ఒండ్రుమట్టి అడుగున పేరుకొన్నది, అంతే. ఏ ఒక్క దినమున చూచినా ఎవరికీ తేడా కనబడలేదు. నీళ్ళు పైకి ఎప్పటివలెనే మెరిసినవి. లోపల లోతు మాత్రము పోయినది. తరువాత గేట్ల ఎత్తు పెంచి 17 టి.ఎం.సి.లకు పైగా నిలువ చేయగలిగారు గాని, మొదటి లోతు తిరిగి రాలేదు.

చాలా కాపురములు ఈ విధముగానే పూడిపోతున్నవి. భార్యాభర్తల ప్రేమను పెద్ద పాపమొక్కటే చంపుతుందని మనము అనుకొంటాము. అది చంపుట నిజమే. అయితే మేము చూచినంతవరకు, చెప్పక దాచుకొన్న చిన్న చిన్న సంగతులే ఎక్కువ ఇండ్లను పూడ్చివేసినవి. బాధ కలుగుతుందని దాచినది, తిడతారని దాచినది, చెప్పినా ప్రయోజనము లేదని దాచినది. ఒక్కొక్కటి పిడికెడు మట్టి.

ఈ మాట అన్ని కుటుంబములకు వర్తిస్తుంది. అయితే దీనిని మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో గల్ఫ్ కుటుంబములకంటే బాగా ఎరిగినవారు లేరు. అందుచేత వారి దగ్గర మేము నేర్చుకొన్నదే ఇక్కడ వ్రాయుచున్నాము.

"ఇక్కడ అందరము క్షేమము"

1973 తరువాత చమురు ధరలు పెరిగి, అరబ్బు దేశములలో కట్టడపు పనులు విస్తరించినవి. అప్పటినుండి మన ఊళ్ళ మగవారు ఆ వైపు వెళ్ళుచున్నారు. మొదట్లో కామారెడ్డిలో రైలు ఎక్కి బొంబాయి వైపు వెళ్ళేవారు. తరువాత హైదరాబాదు నుండి విమానము ఎక్కుట అలవాటైనది. బోరు ఎండిపోయినందుకు ఒకడు, చెల్లె పెండ్లి అప్పునకు ఒకడు, ఇల్లు కట్టుకొనుటకు ఒకడు. ఇంటి దగ్గర భార్య చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుడుతుంది. తునికాకు కత్తిరించుట, తంబాకు నింపుట, దారము కట్టుట, ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. అతడు అక్కడ ఎండలో, ఆమె ఇక్కడ చాట ముందర, నడుమ సముద్రము.

మేము బడిలో చదువుకొను దినములలో మా వాడలో ఉత్తరము వ్రాయగలవారు కొద్దిమందే. సాయంకాలము పెద్దమ్మలు, వదినెలు ఇన్లాండ్ లెటరు పట్టుకొని మా దగ్గరకు వచ్చేవారు. వారు చెప్పునది మేము వ్రాసేవారము. ఏ ఉత్తరమైనా ఒకే విధముగా మొదలయ్యేది: ఇక్కడ అందరము క్షేమము. ఒక వదినె ఇంటిలో ఆ వారమే బిడ్డకు జ్వరము, బర్రె చచ్చింది, అత్తతో మాటలు లేవు. అయినా "క్షేమమని రాయి పిల్లగా" అన్నది. కొంచెముసేపు ఊరకుండి, "ఇంకేమన్న రాయాల్నా వదినె?" అని అడిగితే ముఖము ప్రక్కకు తిప్పుకొన్నది. పదేండ్ల పిల్లవాని ముందర భర్తతో ఏ ఆడది తన మనస్సు చెప్పుకొంటుంది? ఆయన దగ్గరనుండి వచ్చిన జవాబు కూడ మేమే చదివినాము. అక్కడ కూడ అందరు క్షేమమే.

రెండు క్షేమములు కలిసి ఒక కాపురమును ఎట్లు ఎండబెట్టగలవో అప్పుడు మాకు తెలియలేదు.

తిట్లు నింపిన క్యాసెట్

ఎల్లారెడ్డి వైపు మేము ఎరిగిన ఒక వృద్ధ దంపతులున్నారు. ఆయన యవ్వనములో కువైట్‌లో మేస్త్రీ పని చేశాడు. ఆమెకు చదువు రాదు. అయితే ఆమె ఒక ఉపాయము చేసినది. ఉత్తరము ఇంకొకరితో వ్రాయించుట ఇష్టము లేక, పొరుగింటి టేప్‌రికార్డరు తెప్పించుకొని, తలుపు వేసుకొని, క్యాసెట్‌లో మాట్లాడి పంపినది. ఊరిలోనుండి ఆ దేశము వెళ్ళువారెవరైనా ఉంటే వారి చేతికి ఇచ్చేది.

ఒకసారి ఆ క్యాసెట్ నిండ తిట్లే. విత్తనములకు ఉంచిన డబ్బు తన తమ్మునికి పంపుమని ఆయన వ్రాసినాడట. "ఇంట్ల గింజ లేదు, నీకు తమ్ముడు కావల్సె" అని మొదలుపెట్టి రెండు వైపుల నింపినది. ఆయన దానిని గదిలో పెట్టి వినుచుండగా తోటివారు ఎనిమిదిమంది విన్నారు. మొదట అందరు పడి పడి నవ్వారు. క్యాసెట్ రెండవ వైపు వచ్చేసరికి నవ్వులు ఆగిపోయినవి. ఇద్దరు ముగ్గురు కన్నీళ్ళు తుడుచుకొన్నారు. వారిలో ఒకడు అన్నాడట: "నీ పెండ్లాము నిన్ను తిడుతున్నదిరా. నా ఇంటినుంచి అయిదేండ్లుగా క్షేమమే వస్తున్నది."

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యము కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి భారతీయులు లక్షకు పైగా జోర్డాన్ దేశపు అమ్మాన్ పట్టణమునుండి విమానములలో స్వదేశము చేరారు. ఆయన కూడ వారితో కట్టుబట్టలతో వచ్చాడు. కూడబెట్టినదంతా అక్కడే పోయినది. "ఇంటికి వచ్చేటప్పుడు భయమైందా?" అని మేము అడిగినాము. ఆయన నవ్వి, "ఎందుకు భయం? నా దగ్గర ఎంతున్నదో, ఎంత పోయిందో ఆమెకు ముందే తెల్సు. తెలియనోళ్ళ ముందట నిలబడుడే కష్టం" అన్నాడు. ప్రక్కనున్న పెద్దమ్మ, "ఇప్పుడు గూడ ఈయన పొద్దంత ఏం జేసిండో చెప్పక పండుకుంటే నాకు నిద్ర రాదు అయ్యగారూ" అన్నది. ఆయన వయస్సు ఎనుబదికి దగ్గర. రోజంతా చేయునది ఏమున్నది? మేకను కట్టివేయుట, చెరువు దాకా నడిచి వచ్చుట. అయినా ఆమెకు అది కావలెను.

ప్రియ పాఠకులారా, ఏబది యేండ్ల ప్రేమలోని మర్మము అదే అని మేము తలంచుచున్నాము. ఒకరి దినము ఒకరికి తెలియవలెను. ఒకరి బరువు ఒకరు ఎరుగవలెను.

నవ్వి నవ్వి ఎండిపోయిన కాపురము

ఇప్పుడు ఇంకొక ఇంటి సంగతి. వారి అనుమతితోనే వ్రాయుచున్నాము. ఊరు, పేరు చెప్పము. కామారెడ్డికి, ఎల్లారెడ్డికి నడుమ ఒక పల్లె అనుకొనండి.

ఇద్దరూ యవ్వనస్థుల కూడికలో పాడుచు ఒకరినొకరు ఇష్టపడ్డారు. పెద్దలు ఒప్పుకొన్నారు. 2011లో వివాహమైనది. ఆమె రిజిస్టరులో సంతకము చేసి నవ్వుకొన్న పిల్లలలో ఒకతె. మూడేండ్లకు అతడు వేసిన రెండు బోర్లు పడలేదు. 2014లో నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి దుబాయి వెళ్ళాడు. బిడ్డకు అప్పుడు ఏడాదిన్నర.

ప్రతి రాత్రి పది గంటలకు ఫోను. అక్కడ మనకంటే గంటన్నర వెనుక. నవ్వుతూ మాట్లాడుకొనేవారు. ఊరంతా "ఎంత మంచి జంట" అన్నది.

2017లో అతని కంపెనీ జీతములు ఆపివేసినది. నాలుగు నెలలు చూచి అతడు బయటకు వచ్చి, కాగితములు లేకుండ దొరికిన పని చేయసాగాడు. మనవారు దానినే ఖల్లివెల్లి అంటారు. పట్టుబడితే జైలు. ఈ సంగతి భార్యకు చెప్పలేదు. "పానం బాగలేదా, గొంతు అట్లున్నదేంది?" అంటే "ఏసీ చల్లదనం" అని నవ్వాడు. ఇక్కడ ఆమెకు పైకము రాక, మిత్తివాడు గడపలో కూర్చొంటే, పుస్తెలతాడు కుదువపెట్టినది. పసుపు దారము కట్టుకొని చీరకొంగు కప్పుకొన్నది. ఆమె కూడ చెప్పలేదు. వీడియో కాల్ వచ్చినప్పుడు కొంగు సరిచేసుకొని నవ్వినది.

ఇద్దరు చేసినదీ ప్రేమతోనే. అతనికి బాధ కలుగకూడదని ఆమె, ఆమెకు బాధ కలుగకూడదని అతడు. కాని దాచినది ఏదైనా ఎంతకాలము దాగును? ఆడబిడ్డ ఫోనులో, "వదినె మెడల బంగారం లేదు, ఎవరికిచ్చిందో" అన్నది. అక్కడినుండి సెలవు మీద వచ్చిన ఊరివాడు, "మీ ఆయన కంపెనీ రూముల లేడు, ఎక్కడుంటున్నడో, ఎవరితోని ఉంటున్నడో" అన్నాడు. రెండు అనుమానములు మొలిచినవి. 2018 ఎండకాలములో ఒక రాత్రి ఇద్దరు ఘోరముగా తిట్టుకొన్నారు. ఆ తరువాత ఐదు వారములు ఫోను లేదు.

ఆమె తల్లిని, అన్నను వెంటబెట్టుకొని మా దగ్గరకు వచ్చినది. విడిపోవుటకు ఒక కాగితము వ్రాయుమన్నది. మేము కారణము అడిగినాము. ఆమె చెప్పిన మాట ఇప్పటికీ మా చెవులలో ఉన్నది: "అయ్యగారూ, ఆయన ఫోన్ల నవ్వుతడు, నేను నవ్వుత. నాలుగేండ్ల సంది ఇద్దరం అబద్ధమే నవ్వుతున్నం. నేను ఎవరితోని కాపురం చేస్తున్ననో నాకే తెలుస్తలేదు."

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. అంతకు కొన్నేండ్ల క్రితము ఇటువంటి కష్టముతోనే ఇంకొక సోదరి వచ్చినప్పుడు మేము "ఓర్చుకో అమ్మా, ప్రార్థన చెయ్యి" అని చెప్పి పంపినాము. ఆమె మరల మందిరమునకు రాలేదు. ఓర్చుకొమ్మనుట సులువు. వినుట కష్టము. ఆ సోదరి మా మనస్సులో ఉన్నందున ఈసారి మేము బోధింపలేదు. మా ఇంటి అమ్మగారు ఆమెను లోపలికి తీసికొని పోయి అన్నము పెట్టినది. తరువాత మెల్లగా, "అతనికి తెలియనిది నీ దగ్గర ఏమున్నది?" అని అడిగినది. ఆమె కొంగు తీసి పసుపు దారము చూపినది.

ఆ రాత్రి ఆమె కుదువ చీటీని ఫోటో తీసి అతనికి పంపినది. దానితో ఒక్క మాట కూడ వ్రాయలేదు. రెండు దినములు జవాబు లేదు. మూడవ దినము తెల్లవారుజామున అతడు తన గొంతు రికార్డు చేసి పంపినాడు. జీతము ఆగినది మొదలు, ఎక్కడ పండుకొంటున్నది, ఏమి తింటున్నది, ఎవరికి భయపడి ఏ సందులలో తిరుగుతున్నది, అన్నియు చెప్పినాడు. చివరకు ఏడుపే గాని మాట లేదు.

ఆమె తిరిగి పంపిన జవాబు చిన్నది. "ఉత్త చేతులతోనే రా. ఇంట్ల నేనున్న, చాట ఉన్నది."

ఆ సంవత్సరము ఆగస్టు మొదటి తేదీనుండి దుబాయి మొదలగు ఎమిరేట్ల ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినది. కాగితములు లేనివారు జరిమానా లేకుండ తమ దేశములకు వెళ్ళవచ్చును. ఆ గడువును డిసెంబరు వరకు పొడిగించారు. అతడు ఆ అవకాశముతో నవంబరులో ఇల్లు చేరాడు. భార్యకు సత్యము తెలియకయుండిన యెడల, ఉత్త చేతులతో ఎట్లు వెళ్ళేదని సిగ్గుపడి అతడు అక్కడే ఉండిపోయేవాడు. అట్లు ఉండిపోయినవారిని మేము ఎరుగుదుము.

వచ్చిన తరువాత అంతా పూలబాట కాదు. ఐదేండ్ల బిడ్డ తండ్రి దగ్గరకు పోలేదు. "నువ్వు ఫోన్ల ఉంటవు గదా, ఇంట్లకెందుకొచ్చినవ్?" అన్నది. అతనికి ఇంటిలో ఏ డబ్బాలో ఉప్పున్నదో తెలియదు. నిర్ణయములన్నీ చేసుకొనుటకు అలవాటుపడిన ఆమెకు అతడు అడ్డముగా తోచినాడు. ఒకే కప్పు క్రింద ఇద్దరు క్రొత్తవారు. ఒకరినొకరు మరల ఎరుగుటకు ఏడాది పట్టినది. అతడు ట్రాక్టరు నడిపినాడు, ఆమె బీడీలు చేసినది. 2021లో పుస్తెలతాడు విడిపించుకొన్నారు. ఆ దినము ఇద్దరు కలిసి మా ఇంటికి వచ్చారు. ఆమె మెడవైపు చూచుకొని నవ్వినప్పుడు, రిజిస్టరు దగ్గరి ఆ నవ్వును పదేండ్ల తరువాత మేము మరల చూచినాము.

డిచ్‌పల్లి దంపతులు

భార్యాభర్తలు ఒకే బరువు మోయుటకు మన రైలు దారిలోనే ఇంకొక సాక్ష్యమున్నది. కామారెడ్డినుండి నిజామాబాదు వెళ్ళునప్పుడు డిచ్‌పల్లి వస్తుంది. అక్కడ కుష్ఠరోగులకు ఆసుపత్రి స్థాపించిన డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్ స్కాట్లండ్ దేశమువారు. వారి వివాహము 1903లో జరిగినది. 1907లో వెస్లియన్ మిషన్ పక్షముగా నిజాము రాజ్యమునకు వచ్చారు. నిజామాబాదులో కుష్ఠరోగులు చేరదీయువారు లేక తిరుగుట చూచి వారి కొరకు పని మొదలుపెట్టారు. హిందువైన రాజా నర్సాగౌడ్ గారు విరాళమివ్వగా 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి ఏర్పడినది.

ఆమె వైద్యురాలు, ఆయన బోధకుడు. ఆమె పని ఆమెది, ఆయన పని ఆయనది అని వేరుగా ఉండవచ్చును. కాని ఇద్దరు ఒకే పనికి భుజము పెట్టారు. రోగులకు హిడ్నోకార్పస్ నూనె సూదిమందు ఆ కాలపు చికిత్స. 1932లో ఇసబెల్ అమ్మగారు మరణించారు. ఆయన సామాను సర్దుకొని స్వదేశము వెళ్ళిపోవచ్చును. అయితే 1938 వరకు ఆ ఆసుపత్రిని నడిపించుచు అక్కడే ఉన్నారు. ఇద్దరు కలిసి ఎత్తిన బరువును ఒక్కరే మిగిలినప్పుడు కూడ దించలేదు. మరణము తరువాత కూడ ప్రేమ చేయగల పని ఉన్నదని ఆ ఆరు సంవత్సరములు చెప్పుచున్నవి.

మనకు ఆసుపత్రి కట్టు పని లేకపోవచ్చును. ఎకరము పొలము, ఒక బర్రె, ఒక అప్పు, ఒక బిడ్డ చదువు. ఇవే మన డిచ్‌పల్లి. "నీ అప్పు", "నా బీడీలు" అనుకొనక, "మన బరువు" అనుకొనుటలో ప్రేమ బ్రదుకుతుంది.

వాక్యము ఏమి బోధించుచున్నది?

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ఒక చక్కని చట్టమున్నది. క్రొత్తగా పెండ్లియైనవానిని ఏడాది వరకు యుద్ధమునకు పంపరాదు. అతడు ఇంటనే ఉండి భార్యను సంతోషపెట్టవలెను. ఇశ్రాయేలీయులకు శత్రువులు తక్కువా? సైనికులు అవసరము లేకనా? అయినను దేవుడు ఆ ఏడాదిని ఆ ఇంటికి ఇచ్చాడు. పెండ్లియైన నలుబది దినములకే వీసా వచ్చిందని పంపివేయు తలిదండ్రులు దీనిని ఆలోచింపవలెను.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయములో పౌలు భార్యాభర్తల ఎడబాటు గురించి హెచ్చరించుచున్నాడు. అది ఇద్దరి సమ్మతితో కావలెను, కొంతకాలమే కావలెను, మరల కలిసికొనవలెను. ప్రార్థన కొరకైన ఎడబాటుకే ఇన్ని హద్దులు పెట్టినయెడల, డబ్బు కొరకైన ఎడబాటుకు ఎన్ని హద్దులుండవలెను?

కొందరు యాకోబును చూపుతారు. రాహేలు కొరకు ఏడు సంవత్సరములు కొలువు చేసినా అవి కొద్ది దినములవలె తోచెను గదా అంటారు. నిజమే. అయితే ఆ ఏడు సంవత్సరములు అతడు ఎక్కడున్నాడు? రాహేలు తండ్రి మందలోనే, ఆమె కనబడు చోటనే ఉన్నాడు. యాకోబు దుబాయిలో లేడు!

మనము చేయదగినవి

1. ఎడబాటు తప్పనిసరియైతే, వెళ్ళుటకు ముందే ఇద్దరు కూర్చొని మాట్లాడుకొనండి. ఎంత అప్పు, ఎంత మిత్తి, ఎన్ని సంవత్సరములు, ఎప్పుడు తిరిగి రావలెను. అన్నదమ్ములకు చెప్పి భార్యకు చెప్పకుండుట తగదు.

2. వారమునకు ఒకసారి నవ్వులు ప్రక్కనబెట్టి లెక్క చెప్పుకొనండి. పైన వ్రాసిన దంపతులు ఇప్పుడు శనివారము రాత్రి ఒక నోటుబుక్కు ముందర పెట్టుకొని కూర్చొంటారు. వచ్చినది, పోయినది, బాధపెట్టినది, సంతోషపెట్టినది. ఊరిలో ఉన్నవారికి కూడ ఇది అవసరమే. ఒకే ఇంటిలో ఉండి ఫోనులో తల పెట్టుకొని కూర్చున్న భర్తకు, దుబాయిలో ఉన్నవానికి భేదమేమి?

3. మూడవవారి నోట భర్త సంగతిగాని, భార్య సంగతిగాని వినిన యెడల, నమ్ముటకు ముందు నేరుగా అడగండి. అత్తలు, ఆడబిడ్డలు మోసిన మాటలు ఎన్ని కొంపలు ముంచినవో మనకు తెలియదా?

4. సత్యము చెప్పినవారిని ఆ సత్యముతోనే కొట్టకండి. ఒకసారి చెప్పి దెబ్బలు తిన్నవారు రెండవసారి నోరు తెరువరు.

5. తిరిగి వచ్చిన భర్తకు, ఎదురుచూచిన భార్యకు సమయమివ్వండి. ఆ ఏడాదిలో చుట్టాలు, సంఘపెద్దలు తీర్పులు తీర్చక తోడుండవలెను.

6. ఇంకొక మాట. కొట్టుచున్న భర్తను, త్రాగి ఇల్లు గుల్ల చేయువానిని, వేరొక ఇల్లు పెట్టినవానిని సహించుటకు ఈ వ్యాసమును ఎవరూ వాడుకొనరాదు. అది చెరువులో పూడిక కాదు, కట్ట తెగుట. అట్టి సోదరి మౌనముగా ఉండనక్కరలేదు. పెద్దల సహాయము, చట్టము సహాయము కోరుటలో పాపము లేదు.

పూడిక మట్టి వృథా కాదు

2015 మార్చిలో చెరువుల పూడిక తీయు మిషన్ కాకతీయ పనిని ఇక్కడే, మన సదాశివనగర్ పాత చెరువు దగ్గర ప్రారంభించారు. అప్పుడు రైతులు చేసినది మనకు తెలుసు. తీసిన మట్టిని ట్రాక్టర్లలో నింపుకొని తమ పొలములకు తోలుకొన్నారు. ఏండ్ల తరబడి చెరువును చంపిన ఆ నల్లమట్టియే చేనికి బలమైన ఎరువు అయినది.

దాచిన సంగతి లోపలే ఉన్నంతకాలము ప్రేమను పూడ్చుతుంది. బయటకు తీసి ఇద్దరి మధ్య పెట్టినప్పుడు అదే రేపటి కాపురమునకు బలమగును. ఆ కుదువ చీటీని ఆ ఇంటివారు పారవేయలేదు. నోటుబుక్కు మొదటి పుటలో అంటించుకొన్నారు.

ఈ పత్రిక చదివి ముగించిన తరువాత, దీనిని ప్రక్కన పెట్టి, మీ ఇంటివారిని ఒక్క ప్రశ్న అడగండి: "నాకు చెప్పకుండ నువ్వు మోస్తున్నది ఏమన్న ఉన్నదా?" అడిగిన తరువాత తొందరపడి జవాబు చెప్పకండి. వినండి. దూరమున ఉన్నవారైతే ఈ రాత్రి ఫోనులో అడగండి. మేము కూడ ఇది వ్రాయుటకు ముందు మా ఇంటిలో అడిగినాము. వచ్చిన జవాబు రెండు గంటలు పట్టినది. ఇన్ని ఇండ్లు తిరుగు కాపరికి తన ఇంటిలో ఇంత పూడిక ఉన్నదని ఆ రాత్రియే తెలిసినది.

మన ఇండ్లలో లోతైన, తేటయైన ప్రేమను ప్రభువు మరల నింపును గాక. ఆమేన్.